బ్యాటరీ పోలేదు... బిగింపు పోయింది!

- ట్రాక్టరు మొరాయిస్తే ముందు చూడాల్సింది టెర్మినళ్లనే
- పై పోస్టయినా, పక్క పోస్టయినా సూత్రం ఒక్కటే
- పానా, వంట సోడా, వాజిలైన్ ఉంటే చాలు

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు. తెల్లవారుజామున ఐదు గంటలు. బెల్లం ధరల మీద రాయడానికి మునగపాక మండలంలోని ఒక గానుగ దగ్గరకు వెళ్లాను. పెనం కింద మంట పెట్టేందుకు మనుషులు వచ్చి కూర్చున్నారు. చెరకు మాత్రం రాలేదు. కిందటి సాయంత్రం నరికించిన చెరకంతా ట్రాలీలో నిండుగా ఉంది. ట్రాక్టరే కదలడం లేదు.

ఆ రైతుకు ఉన్నది రెండెకరాలు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక పాత ట్రాక్టరు కొన్నారు. తమ పని కాగానే బాడుగకు తిప్పుతారు. ఆ బాడుగ డబ్బులతోనే వాయిదాలు కడతారు. ''ఏటయిందో తెలీదు బాబూ. రాత్రి బాగానే ఉంది. ఇప్పుడు సెల్ఫు కొడితే టిక్కుమంటాది గానీ తిరగదు'' అన్నాడు. తాళం తిప్పితే నిజంగానే 'టిక్' అంది. అంతే.

ట్రాలీ విప్పి ఆరుగురు తోశారు. మెత్తటి నేల. బండి కదిలింది గానీ అంటుకోలేదు. తమ్ముడు మోటారు సైకిలు మీద పట్నం వెళ్లి బ్యాటరీ కొట్టు వాణ్ని లేపాడు. అతను బండి చూడలేదు, బ్యాటరీ చూడలేదు. ''టిక్కుమంటోందా? అయితే బ్యాటరీ పోయినట్టే. ఏడు వేలు అవుతుంది. పాతది ఇస్తే కొంత తగ్గిస్తా'' అన్నాడు. తమ్ముడు ఆ మాటే ఫోనులో చెప్పాడు. అన్న ముఖం మాడిపోయింది. ఆ ఏడు వేలు చెరకు నరికిన కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు.

ఇంతలో పక్క ఊరి నుంచి ముసలి మేస్త్రీ ఒకరు వచ్చారు. గానుగ ఇంజను చూసుకునే మనిషి. బానెట్టు ఎత్తి బ్యాటరీ ప్లస్సు క్లాంపును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పారు. అది గిర్రున తిరిగింది. ''ఇదేటి బాబూ, చేతికి గాజులా తిరుగుతోంది! దీన్నుంచి కరెంటు ఎలా ఎల్తాదనుకున్నావు?'' అన్నారు. క్లాంపు విప్పితే లోపల ఒక మేకు. వదులైందని ఎవరో ఎప్పుడో దిగ్గొట్టారు. చుట్టూ తెల్లటి, పచ్చటి చిలుము. మేకు తీసేసి, చిలుము కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండో సెల్ఫుకు ఇంజను అందుకుంది. మేస్త్రీ టీ తాగి వెళ్లిపోయారు.

అనకాపల్లిలో 1913 నుంచి చెరకు మీద పరిశోధన జరుగుతోంది. నరికిన చెరకు నిలవ ఉంటే ఏమవుతుందో ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. బరువు తగ్గుతుంది. రసంలో పంచదార విరిగిపోతుంది. పాకం సరిగా రాదు, దిమ్మ గట్టిపడదు, రంగు దిగుతుంది. మార్కెట్లో మొదటి రంగుకూ, నల్ల బెల్లానికీ ఉన్న తేడా రైతు కష్టాన్ని మింగేస్తుంది. అలాంటి రోజున బండి నిలబడిపోవడం చిన్న విషయం కాదు. అంతకంటే పెద్ద విషయం, లేని జబ్బుకు మందు కొనడం.

అందుకే ఈ వారం బ్యాటరీ టెర్మినళ్ల సంగతి తెలుసుకుందాం.

నిండు చెరువు... మూసుకున్న తూము

బ్యాటరీ చెరువు లాంటిది. టెర్మినల్ తూము లాంటిది. చెరువు నిండా నీళ్లున్నా తూములో తుక్కు అడ్డుపడితే పొలం తడవదు. చెరువు ఎండిపోయిందని మనం ఏడిస్తే లాభం ఏమిటి?

లైట్లకూ, హారనుకూ కావాల్సింది కొద్ది కరెంటు. సన్నటి సందు దొరికినా అది వెళ్లిపోతుంది. సెల్ఫు మోటారు అలా కాదు. చల్లటి ఇంజనును తిప్పడానికి అది ఒక్కసారిగా 200 ఆంపియర్లో, అంతకు ఎక్కువో లాగుతుంది. టెర్మినల్ దగ్గర చిలుము వల్ల ఓములో నూరో వంతు అడ్డు ఏర్పడిందనుకుందాం. వినడానికి అది ఎంతో తక్కువ. కానీ 200 ఆంపియర్లు దాని గుండా పోవాలంటే 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. ఉన్నదే పన్నెండు. బరువు పడినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలాగూ కొంత దిగుతుంది. ఇక సెల్ఫుకు మిగిలేది ఎంత? అందుకే అది 'టిక్' అని ఊరుకుంటుంది.

చలికాలం తెల్లవారుజామునే ఈ గొడవ ఎందుకు బయటపడుతుందనేదీ ఇందులోనే ఉంది. చలికి ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. సెల్ఫుకు ఎక్కువ బలం కావాలి, బ్యాటరీ తక్కువ ఇస్తుంది. ఎండ పూట ఎలాగో నెట్టుకొచ్చిన వదులు క్లాంపు తెల్లవారుజామున చేతులెత్తేస్తుంది.

పై పోస్టు: మన బండ్లన్నిటిదీ ఇదే

మన ట్రాక్టర్లు, జీపులు, కార్లు, సరుకుల వ్యాన్లు అన్నిటికీ దాదాపు ఈ రకమే. బ్యాటరీ పైన రెండు సీసపు పోస్టులు నిలబడి ఉంటాయి. కింద లావుగా, పైకి వెళ్లేకొద్దీ కొంచెం సన్నగా ఉంటాయి. వాటి చుట్టూ క్లాంపు తొడిగి బోల్టు బిగిస్తాం.

రెండు పోస్టులూ ఒక్క సైజు కావన్న సంగతి చాలామంది గమనించరు. ప్లస్సు లావు, మైనస్సు సన్నం. మామూలు రకంలో పై అంచు దగ్గర ప్లస్సు 17.5 మిల్లీమీటర్లు, మైనస్సు 15.9 మిల్లీమీటర్లు ఉంటుంది. పొరపాటున తిరగేసి తగిలించకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. గుర్తులు చెరిగిపోయినా, చీకట్లో ఉన్నా వేళ్లతో తడిమి లావుదేదో చెప్పవచ్చు.

జపాను పద్ధతి చిన్న కార్లకు వచ్చే బ్యాటరీల్లో ఇంకా సన్నని పోస్టులు కూడా ఉంటాయి. ఇక్కడే తంటా. కారు బ్యాటరీ ఏదో దొరికిందని తెచ్చి ట్రాక్టరుకు పెడతారు. లావు పోస్టుకు చేసిన క్లాంపు సన్న పోస్టుకు పట్టదు. ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు మేకు దిగ్గొట్టడం, రేకు ముక్క చుట్టడం, రాగి తీగ కూరడం మొదలవుతుంది. మేకు ఉన్న చోట మాత్రమే లోహం ఆనుతుంది. మిగతా చుట్టంతా ఖాళీ. ఆ ఖాళీలో యాసిడ్ తేమ చేరి చిలుము పడుతుంది. పైగా మేకు సీసపు పోస్టును చీల్చేస్తుంది. సన్న పోస్టుకు తొడిగే సీసపు గొట్టాలు బ్యాటరీ కొట్లలో దొరుకుతాయి. అడిగి తెచ్చుకోవాలి.

పై పోస్టుతో ఉన్న మంచి ఏమిటంటే, అన్నీ కంటికి కనిపిస్తాయి. చిలుము పట్టినా, వదులైనా బానెట్టు ఎత్తగానే తెలుస్తుంది. పక్క బండి నుంచి తీగలు తగిలించి స్టార్టు చేసుకోవడం తేలిక. ఎవరికైనా చేయి అందుతుంది. క్లాంపు పాడైతే చవకగా మార్చుకోవచ్చు.

చెడు కూడా ఉంది. పైన తెరిచి ఉంటాయి కనుక పానా జారిపడితే ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య పడుతుంది. కళ్ల ముందే మెరుపు వస్తుంది. బ్యాటరీ మూతల్లోంచి వచ్చే యాసిడ్ ఆవిరి నేరుగా క్లాంపుల మీదికే చేరుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే పొంగి అక్కడే పడుతుంది. క్లాంపు దిగడం లేదని సుత్తితో కొడితే పోస్టు మొదట్లో పగులుతుంది. అక్కడి నుంచి యాసిడ్ ఊరడం మొదలవుతుంది.

పక్క పోస్టు: అమెరికా కార్లది

ఈ రకంలో పైన పోస్టులు ఉండవు. బ్యాటరీ పక్క గోడలో రెండు మరల గుంటలు ఉంటాయి. తీగ చివరన ఉన్న చదునైన రింగును దానికి ఆనించి బోల్టు తిప్పి బిగిస్తారు. బోల్టు లావు 3/8 అంగుళం. 1970ల నుంచి అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లలో ఇది ఎక్కువగా వచ్చింది. మన రోడ్ల మీద ఇలాంటి బ్యాటరీ కనిపించడం అరుదు.

దీనికీ లాభాలున్నాయి. పైన ఎత్తు ఉండదు గనుక బానెట్టు కింద తక్కువ చోటులో ఇముడుతుంది. పానా జారిపడినా రెండిటి మధ్యా పడే అవకాశం తక్కువ. మూతల నుంచి వచ్చే ఆవిరి నేరుగా తగలదు. కనుక చిలుము నెమ్మదిగా పడుతుంది.

నష్టాలూ ఉన్నాయి. మరలు ఉన్నది మెత్తటి సీసంలో. కొంచెం ఎక్కువ బలం పెడితే మర అరిగిపోతుంది. మర పోతే క్లాంపు మార్చినట్టు మార్చే వీలుండదు. మరమ్మతుకు వేరే బోల్టులు వెతుక్కోవాలి, లేదంటే బ్యాటరీనే మార్చుకోవాలి. బలం తగ్గిస్తే వదులవుతుంది. పక్క బండి నుంచి తీగలు తగిలించడానికి చిన్న బోల్టు తల తప్ప పట్టు దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, రింగు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాని లోపల చిలుము పట్టినా పైకి నున్నగానే కనిపిస్తుంది. చీడ కాండం లోపల ఉన్నట్టన్నమాట. ఆకు పచ్చగా ఉందని మోసపోతాం.

మన ఇంట్లోనూ ఉన్నాయి వాటి చుట్టాలు

అమెరికా కారు సంగతి మనకెందుకు అని అనుకోవద్దు. పక్క పోస్టుకు చుట్టాలు మన పాకల్లోనే ఉన్నాయి.

మొదటిది మోటారు సైకిలు బ్యాటరీ. దానికి నిలువు పోస్టులుండవు. చదును లగ్గుకు కన్నం ఉంటుంది. చిన్న నట్టు వెనక పెట్టి, ముందు నుంచి బోల్టు బిగిస్తాం. పక్క పోస్టుకు చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి. ఎక్కువ బిగిస్తే లగ్గు విరుగుతుంది, తక్కువైతే గతుకుల రోడ్డుకు వదులవుతుంది. ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. నా పాత బండికి ఒకసారి పెద్ద పానాతో బలమంతా పెట్టి బిగించాను. లగ్గు ఊడి చేతికొచ్చింది. ఆరు నెలల బ్యాటరీ. గ్యారంటీ కాగితం చూపించినా కొట్టు వాడు ఒప్పుకోలేదు. విరిగిన దానికి గ్యారంటీ ఉండదన్నాడు. తప్పు నాదే.

రెండోది బ్యాటరీ స్ప్రేయరు. ఇప్పుడు చిన్న రైతుల భుజాన ఎక్కువగా ఉన్నది అదే. 12 వోల్టుల చిన్న బ్యాటరీ అడుగున ఉంటుంది. చాలా వాటికి చదును రేకుల్లాంటి టెర్మినళ్లు, వాటికి నెట్టి తొడిగే తొడుగులు ఉంటాయి. వీపు మీద కుదుపులకు తొడుగు వదులవుతుంది. మోటారు ఒకసారి ఆడుతుంది, ఒకసారి ఆగుతుంది. వదులైన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. బ్యాటరీ పోయిందని కొత్తది కొంటారు. తొడుగు తీసి, కటింగు ప్లయరుతో మెల్లగా నొక్కి, మళ్లీ గట్టిగా పట్టేలా తొడిగితే చాలాసార్లు సరిపోతుంది. మందు కొట్టాక ట్యాంకు కడిగేటప్పుడు ఆ అడుగు పెట్టెలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి.

ఏది మేలు?

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇలా ఉంటుంది.

చిలుము: పై పోస్టుకు త్వరగా పడుతుంది, కానీ కనిపిస్తుంది. పక్క పోస్టుకు నెమ్మదిగా పడుతుంది, కానీ దాక్కుంటుంది.

బిగింపు: పై పోస్టు చుట్టూ క్లాంపు పట్టుకుంటుంది. కొంత మొరటు చేయిని కూడా తట్టుకుంటుంది. పక్క పోస్టు ఒక్క మర మీదే ఆధారపడుతుంది.

షార్టు ప్రమాదం: పై పోస్టుకు ఎక్కువ. పక్క పోస్టుకు తక్కువ.

పక్క బండి నుంచి స్టార్టు: పై పోస్టుతో తేలిక. పక్క పోస్టుతో కష్టం.

మరమ్మతు: పై పోస్టుకు క్లాంపు ఎక్కడైనా దొరుకుతుంది. పక్క పోస్టు మర చెడితే మన ఊళ్లో బాగుచేసే దిక్కుండదు.

దుక్కిలో కుదుపు, దుమ్ము, చెరకు తోటల బాటలు, మెకానిక్కు అందుబాటులో లేని ఊళ్లు - ఇవి మన పరిస్థితులు. వీటికి పై పోస్టే అనువైనది. అయితే అది మన శ్రద్ధను అడుగుతుంది. నెలకోసారి చూసుకుంటే దాన్ని మించింది లేదు. చూసుకోకపోతే ఏ పోస్టూ కాపాడదు.

జబ్బు ఎక్కడో తెలుసుకోవడం ఎలా?

కొత్త బ్యాటరీకి డబ్బు తీసే ముందు ఈ పరీక్షలు చేయండి. పది నిమిషాల పని.

ఒకటి, చేతి పరీక్ష. ఇంజను ఆపి, తాళం తీసి, క్లాంపును వేళ్లతో తిప్పి చూడండి. రవ్వంత కదిలినా అది వదులే. మైనస్సు తీగ రెండో కొస బండి బాడీకి బిగించిన చోట కూడా చూడాలి. అక్కడి రంగు, తుప్పు, బురద కూడా కరెంటుకు అడ్డే. చాలామంది ఈ ఎర్తు బోల్టును మరిచిపోతారు.

రెండు, లైటు పరీక్ష. హెడ్ లైట్లు వేసి సెల్ఫు కొట్టండి. లైట్లు మొదటి నుంచీ మసకగా ఉంటే బ్యాటరీలో చార్జింగు తక్కువ. వేసినప్పుడు బాగా వెలిగి, సెల్ఫు కొట్టగానే పూర్తిగా ఆరిపోయి, కాసేపటికి మళ్లీ వెలిగితే టెర్మినల్ మీద అనుమానించాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ ఇంజను మాత్రం తిరగకపోతే తప్పు స్విచ్చులోనో, సెల్ఫులోనో ఉంటుంది.

మూడు, వేడి పరీక్ష. పది సెకన్లు మించకుండా సెల్ఫు కొట్టి, తాళం తీసి, క్లాంపును జాగ్రత్తగా తాకి చూడండి. ఒక క్లాంపు మాత్రం వెచ్చగా ఉంటే అడ్డు అక్కడే. కరెంటు వేడిగా మారి వృథా అయిందన్నమాట.

నాలుగు, మీటరు పరీక్ష. చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఊళ్లో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే చార్జింగు నిండుగా ఉన్నట్టు. 12.2 అయితే సగం. 12కు దిగితే దాదాపు అడుగంటినట్టే. తరవాత మీటరు ఒక ముల్లును పోస్టు నడినెత్తిన, రెండో ముల్లును క్లాంపు మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫు కొట్టమనండి. అక్కడ దాదాపు ఏమీ చూపించకూడదు. అర వోల్టు చూపించిందంటే క్లాంపు విప్పి తీరాల్సిందే.

శుభ్రం చేసే పద్ధతి

ముందుగా బీడీ, చుట్ట ఆర్పేయండి. చార్జింగు సమయంలో బ్యాటరీలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. చేతి ఉంగరం, కడియం తీసేయండి. పాత కళ్లద్దాలైనా పెట్టుకుంటే కళ్లకు రక్ష.

విప్పేటప్పుడు మైనస్సు ముందు. బిగించేటప్పుడు మైనస్సు చివర. ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మన బండ్లలో మైనస్సు బాడీకి కలిసి ఉంటుంది. ప్లస్సు విప్పుతుండగా పానా బాడీకి తగిలితే షార్టవుతుంది. మైనస్సు ముందే తీసేస్తే ఆ భయం ఉండదు.

క్లాంపు పట్టేసి ఉంటే సుత్తితో కొట్టొద్దు, పెకలించొద్దు. బోల్టు వదులు చేసి, క్లాంపు చీలికను కొంచెం తెరిచి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి.

గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంట సోడా కలపండి. బ్యాటరీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని, ఆ నీళ్లను పాత పళ్ల బ్రష్షుతో చిలుము మీద రాయండి. బుసబుసా నురుగు వస్తుంది. యాసిడ్ విరుగుతోందని అర్థం. నురుగు ఆగేదాకా రాసి, మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడవండి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం ఒక్క చుక్క పోకూడదు. పోతే లోపలి యాసిడ్ బలం పోతుంది.

తరవాత పోస్టు చుట్టూ, క్లాంపు లోపలా గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్దండి. ఎక్కువ రుద్దితే పోస్టు సన్నబడుతుంది. మెరుపు కనిపించగానే ఆపేయండి. క్లాంపును అడుగుదాకా దించి బిగించండి. చేత్తో తిప్పితే కదలకూడదు, అంతవరకే.

వాజిలైన్ రాయాల్సింది బిగించాక, పైపైన. ముందే పోస్టుకు దట్టంగా పులిమి క్లాంపు తొడగడం కొందరికి అలవాటు. కరెంటు సీసం నుంచి సీసానికి నేరుగా పోవాలి. వాజిలైన్ పని గాలినీ తేమనూ రానీయకపోవడమే. వంట నూనెలు రాస్తే కారిపోతాయి, దుమ్ము పట్టుకుంటుంది.

రాంబిల్లి, అచ్యుతాపురం, నక్కపల్లి, పాయకరావుపేట వంటి సముద్రతీర మండలాల రైతులు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఉప్పు గాలికి బోల్టులు, బ్యాటరీ కూర్చున్న రేకు త్వరగా తుప్పుపడతాయి. రేకు వదులైతే బ్యాటరీ ఊగుతుంది. ఊగితే క్లాంపులు వదులవుతాయి, లోపలి పలకలూ దెబ్బతింటాయి.

నిజంగా పోయిందనేది ఎప్పుడు?

టెర్మినళ్లు బాగుచేసినా సెల్ఫు తిరగకపోతే బ్యాటరీని పూర్తిగా చార్జింగు పెట్టించండి. ఒక రాత్రి ఆపి ఉంచితే మళ్లీ దిగిపోతోందా? అయితే లోపం లోపలే ఉండవచ్చు. మూతలున్న రకమైతే యాసిడ్ సాంద్రత చూసే గాజు గొట్టంతో ఆరు గదులూ పరీక్షించమనండి. అయిదు గదులు ఒకలా ఉండి ఒకటి 0.050 కంటే ఎక్కువ తక్కువగా చూపిస్తే ఆ గది పోయినట్టే. అలాంటి బ్యాటరీని మార్చక తప్పదు.

ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు రాకపోతే తప్పు చార్జింగు చేసే డైనమోలోనో, దాని బెల్టులోనో ఉంది. అప్పుడు కొత్త బ్యాటరీ పెట్టినా అదీ దిగిపోతుంది.

నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ కాదు.

కొనేటప్పుడు...

పాత బ్యాటరీని వెంట తీసుకెళ్లండి. మూడు సంగతులు సరిచూసుకోవాలి. పోస్టులు లావు రకమా, సన్న రకమా? ప్లస్సు ఏ వైపు ఉంది? ఆంపియర్ అవర్లు ఎన్ని? ప్లస్సు వైపు మారితే తీగ అందదు. లాగి తగిలిస్తే ఎప్పుడూ బిగుతుగానే ఉండి పోస్టును వంచుతుంది. అందుకే కొన్ని బ్యాటరీల పేరు చివర ఎల్, ఆర్ అనే అక్షరాలు వేస్తారు. గ్యారంటీ కార్డు మీద తేదీ, ముద్ర అక్కడే వేయించుకోండి.

పాతదాన్ని చెత్త సామాన్ల వాడికి అమ్మేయవద్దు. యాసిడ్ కాలవలో పారబోయవద్దు. సీసం మట్టిలో చేరితే పోదు. పిల్లలకు మరీ ప్రమాదం. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని శుద్ధి చేయించాల్సిన బాధ్యత తయారీదారులదేనని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. పాతది కొట్టులో ఇచ్చి ధర తగ్గించమని అడగడమే సరైన పద్ధతి.

గోటితో పోయేదానికి...

ఆ రోజు ఎనిమిది గంటలకల్లా చెరకు గానుగ చేరింది. మధ్యాహ్నానికి మొదటి పెనం దిగింది. దిమ్మ రంగు చూసి అన్నదమ్ములిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. పట్నం వెళ్లిన తమ్ముడు ఖాళీ చేతులతో రాలేదు. సీసపు గొట్టాలు రెండు, వాజిలైన్ డబ్బా ఒకటి తెచ్చాడు. ఏడు వేలు కూలీలకే వెళ్లాయి.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని పెద్దలు ఊరికే అనలేదు. పశువుకు మేత తగ్గితే నోరు తెరిచి చూస్తాం. పైరు పచ్చబడితే వేరు పీకి చూస్తాం. బండి ఆగినప్పుడు కూడా అంతే. ముందు క్లాంపు పట్టుకుని తిప్పి చూడండి. ప్రతి అమావాస్యకూ పని ఆపే అలవాటు ఉన్న రైతులు, ఆ రోజు పది నిమిషాలు బానెట్టు ఎత్తి టెర్మినళ్లు చూసుకోవడం అలవాటు చేసుకుంటే మంచిది. తెల్లవారుజామున 'టిక్' అనే శబ్దం వినాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.